తాళ్ళు బాగానే ఉన్నాయండీ

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లోవాళ్ళు లేవకముందే డాబా మీదికి వెళ్ళి, మెషిన్ రూములో ఒక స్విచ్ కిందికి దించి, ఏమీ ఎరగనట్టు వచ్చి టీ తాగడం. ఈపాటి దానికి కూడా అతనికి కంటిమీద కునుకు పట్టలేదు. మెకానిక్ పుట్టుకతోనే పిరికివాడు. చేసే ఉద్యోగం ఆ పిరికితనాన్ని దగ్గరుండి పెంచి పెద్దచేసింది. మిగతా జనమంతా లిఫ్టెక్కితే అద్దంలో తల దువ్వుకుంటారు. అతను మాత్రం నెత్తిమీద ఏ బోల్టు వదులైందోనని చెవులు రిక్కించి వింటాడు.

పథకానికి కారణం చలి. చలి మొదలైతే చాలు, నాలుగో అంతస్తులోని ఆ ఇల్లు ఇల్లులా ఉండదు, దుప్పట్ల దుకాణంలా ఉంటుంది. భార్యది ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీ తరఫున ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోన్, ఒంటికి దుప్పటి, కాళ్ళకు ఒకదాని మీద ఒకటి మేజోళ్ళు. ఆ కుర్చీలోంచి లేస్తే నేరుగా మంచం మీదికే. కాలేజీ సెలవుల్లో ఉన్న కూతురు దుప్పటి ముసుగులోంచి ఒక చెయ్యీ, ఆ చేతిలో ఫోనూ తప్ప ఇంకేమీ బయటికి కనపడనివ్వదు. ఇక తల్లి కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చుందంటే, అన్నం పళ్ళెమే ఆవిడ దగ్గరికి రావాలి.

మెకానిక్ దీన్ని కూడా సర్దుకుపోయేవాడే. కానీ పోయిన వారం తల్లి మోకాళ్ళు చూసిన డాక్టరు అతన్ని పక్కకు పిలిచి, "కీళ్ళు అరగలేదండీ, వాడకపోవడంతో బిగుసుకుపోతున్నాయి. ఈ చలికాలమంతా ఇలాగే కూర్చోబెట్టారనుకోండి, ఎండలొచ్చాక లేవమన్నా లేవలేరు. నడిపించండి. ఆవిణ్ణే కాదు, మీ ఇంటిల్లిపాదినీ నడిపించండి" అని చెప్పాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి మెకానిక్ గుండెల్లో రాయి పడింది. పొద్దున్న లేవగానే తల్లి మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి అంచులోంచి బయటికొచ్చిన పాదాల వైపు చూసేవాడు. వేళ్ళు కదిలితే హమ్మయ్య అనుకునేవాడు. కదలకపోతే ఒక వేలు మెల్లగా గిల్లేవాడు. "ఎవర్రా అది?" అని ఆవిడ అరిస్తే ఆ పూటకి ప్రాణం కుదుటపడేది.

ప్రయత్నాలు చెయ్యకపోలేదు. పొద్దున్నే అలా నడిచొద్దామంటే, "ఆ మంచులోనా? జలుబు చేస్తే ఫోన్లు ఎవరెత్తుతారు, మీరా?" అంది భార్య. పోనీ హాల్లోనే కాస్త గెంతుదామని అందరినీ వరసగా నిలబెట్టి తనే ముందు గెంతాడు. రెండో గెంతుకే కింది అంతస్తు నుంచి సెక్రటరీ పైకొచ్చేశాడు. ఆయనకు మందుల షాపుంది. ఆ బిల్డింగు మంచిచెడ్డలన్నీ తన నెత్తినే ఉన్నట్టు నడుస్తాడు. "ఏమయ్యా, మా ఫ్యాను ఊగుతోంది. మీ ఇంట్లో గోడలేమైనా పగలగొడుతున్నారా?" అని అడిగాడు. దాంతో ఆ వ్యాయామం అక్కడితో సరి.

అప్పుడు తట్టింది స్విచ్ సంగతి. వాళ్ళుండేది నాలుగో అంతస్తులో. ఆ బిల్డింగు లిఫ్టు కంపెనీ తరఫున అతని చేతికిందే ఉంది. అది ఒక వారం ఆగిందంటే, ఎంత బద్ధకస్తులైనా దిగక తప్పదు, ఎక్కక తప్పదు. వారంలో కాళ్ళకు అలవాటవుతుంది. ఆ తరవాత స్విచ్ వేసేస్తే ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. ఇలా అనుకుని స్విచ్ దించాడు. దించినవాడు తన తాళం తానే వేసుకోవాలన్నది వాళ్ళ కంపెనీ నియమం, ఎవరైనా తెలియక స్విచ్ వేసి లోపల పనిచేసేవాణ్ణి చంపకుండా. చేసేది దొంగపని అయినా అలవాటు కొద్దీ జేబులోంచి తాళం తీసి వేశాడు. కింద గేటుకి "లిఫ్టు పనిచేయుట లేదు" అన్న బోర్డు తగిలించాడు.

మెట్లెక్కి వస్తుంటే రెండో అంతస్తు టీచరమ్మ ఎదురైంది. పిల్లలకు పాఠాలు చెప్పీ చెప్పీ, ఎవరినైనా నిలబెట్టి ప్రశ్నలడిగే అలవాటు ఆవిడది.

"ఏమైంది బాబూ లిఫ్టుకి?"

ఈ ప్రశ్న వస్తుందని మెకానిక్ అనుకోనే లేదు. స్విచ్ గురించి ఆలోచించాడే గానీ జవాబు గురించి ఆలోచించలేదు. నోటికి మొదట ఏదొస్తే అది అనేశాడు.

"తాళ్ళు చూడాలండీ."

"ఏ తాళ్ళు?"

"లిఫ్టుని మోసే ఉక్కు తాళ్ళండీ."

"అయ్యో, తెగాయా?"

"లేదండీ, లేదండీ. అవి అంత తేలిగ్గా తెగవు. ఒకటి తెగినా మిగతావి పట్టుకుంటాయి."

"అంటే ఒకటి తెగిందన్నమాట!"

"అబ్బే, ఒక్కటీ తెగలేదండీ. అసలు అన్నీ తెగినా భయం లేదు. లిఫ్టు పెట్టె కింద బ్రేకులుంటాయి. పడబోతుంటే అవి పట్టాలను కరిచేసుకుంటాయి. పెట్టె నడిమధ్య వేలాడుతూ ఆగిపోతుంది. లోపలున్నవాళ్ళకి కాస్త కుదుపు తప్ప ఏమీ కాదు."

మెకానిక్ చెప్పిన ప్రతి ముక్కా నిజం. ధైర్యం చెప్పడానికి అంతకన్నా మంచి మాటలు లిఫ్టుల పుస్తకాల్లో కూడా ఉండవు. కానీ టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడ పట్టుకుని, "నిన్న సాయంత్రం నేనెక్కాను బాబూ, కూరల సంచీతో" అంది. తరవాత ఆవిడ తన పనిమీద కిందికి వెళ్ళలేదు, ఆ కబురు చెప్పడానికి పైకి వెళ్ళింది.

ఇల్లు చేరిన మెకానిక్ టీ తాగుతూ, ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు దిగుతారు అని ఎదురుచూశాడు. భార్య హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి కొంచెం జరిపింది.

"ఏవండీ, లిఫ్టు ఆగిపోయిందటగా? అయితే పాలూ కూరగాయలూ మీరే తెచ్చెయ్యండి. నేను దిగలేను బాబూ ఇన్ని మెట్లు."

"నాన్నా, నా బూట్లు కుట్టించాలి. కింద ఇచ్చెయ్యవా?" అంది దుప్పట్లోంచి కూతురు. "లిఫ్ట్ వచ్చాక నేనే వెళ్ళి తెచ్చుకుంటాలే."

తల్లి ఒక్కటే కాస్త దిగులుగా నిట్టూర్చింది. రోజూ మధ్యాహ్నం లిఫ్టులో దిగి, గేటు పక్క ఎండలో కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చేదావిడ. ఆవిడ కాళ్ళకి ఉన్న నడకంతా అదే. "పోనీలేరా, లిఫ్టు లేకపోతే ఏం చేస్తాం? కిటికీలోంచే చూస్తాను ఎండని" అని కుర్చీ ఇంకొంచెం వాల్చుకుంది.

మెకానిక్ చేతిలో టీ చల్లారిపోయింది. నడిపించబోయి, ఉన్న నాలుగడుగులు కూడా తనే ఆపించేశాడు. రెండు రోజులు చూశాడు. ముగ్గురిలో ఒక్కరూ గడప దాటలేదు. అతను మాత్రం పాలకోసారి, కూరలకోసారి, బూట్లకోసారి, మాత్రలకోసారి ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. లిఫ్టు అతనిది గనక బిల్డింగులో మిగతా బరువులు కూడా అతనివే అయ్యాయి. మొదటి అంతస్తువాళ్ళ బియ్యం బస్తా, సెక్రటరీ గారి షాపు పెట్టెలు, ఎవరిదో కుట్టుమిషను. "నీ లిఫ్టు ఆగబట్టే కదయ్యా" అనేవాళ్ళు. అతను చలికాలంలో చెమటలు కారుతూ మోశాడు. నడుం విరగ్గొట్టుకుంటూ కూడా మనసులో ఒకటే భయం, కిటికీ పక్క కుర్చీ గురించి.

మూడో రోజు ఇక చాలనుకున్నాడు. పొద్దున్నే డాబా ఎక్కి, తాళం తీసి, స్విచ్ పైకెత్తి, పరీక్షగా పెట్టెను కిందికి దించే బటను నొక్కాడు. అది పాతకాలపు బిల్డింగు. లిఫ్టు చుట్టూ జాలీ, జాలీ చుట్టూ మెట్లు. లిఫ్టు కదిలితే అన్ని అంతస్తులకూ కనబడుతుంది, వినబడుతుంది. రెండు రోజులు చలిలో నిలబడిన యంత్రం ఒళ్ళు విరుచుకుంటూ ఒక మూలుగు మూలిగి, ఖాళీ పెట్టెను కిందికి దించసాగింది.

"అమ్మో! లిఫ్టు దానంతటదే కదులుతోంది!" అని మూడో అంతస్తులో సెక్రటరీ భార్య కేక పెట్టింది.

"తాడు తెగింది! పడిపోతోంది! పక్కకి రండి, పక్కకి రండి!" అని రెండో అంతస్తులో టీచరమ్మ.

తలుపులు ధబధబా మూసుకున్నాయి. ఎవరో పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగారు.  కేకలు వింటే నిజంగానే ఏదో తెగిందేమోనని పైనున్న మెకానిక్‌కే అనుమానం వచ్చింది. గబుక్కున స్విచ్ దించేసి మళ్ళీ తాళం వేశాడు. పెట్టె రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య, అతను టీచరమ్మకు వర్ణించి చెప్పినట్టే, వేలాడుతూ ఆగిపోయింది.

ఇక ఆ బిల్డింగుకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. సాయంత్రానికల్లా కథ కాళ్ళూ చేతులూ మొలిపించుకుని మెట్లెక్కి నాలుగో అంతస్తుకే వచ్చేసింది. మెకానిక్ ఇంటికొచ్చేసరికి తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"ఒరేయ్, తాడు తెగి పెట్టె పడబోతుంటే నువ్వు చేత్తో పట్టుకుని ఆపావటగా? ఎవరి కోసంరా ఈ సాహసాలు? నీకేమైనా అయితే నేనేమైపోవాలి?"

"చేత్తో ఎవరు పట్టుకుంటారమ్మా, అది ఎంత బరువుంటుందో తెలుసా? తాళ్ళు బాగానే ఉన్నాయి."

"నాకు భయం వేస్తుందని అబద్ధాలు చెప్పకు. ఏదీ, చెయ్యి చూపించు."

చూపించాడు. బియ్యం బస్తా మోసిన అరచేయి ఎర్రగా కందిపోయి ఉంది. తల్లి దాన్ని కళ్ళకద్దుకుని ఇంకా ఏడ్చింది. భార్య హెడ్‌ఫోన్ తీసి మరీ అతని వైపు చూసింది. పెళ్ళయ్యాక ఆవిడ అంత ఆరాధనగా చూడటం అదే మొదలు. 

మర్నాడు సెక్రటరీ అతన్ని మెట్ల మీద ఆపి ఉపకారం చేసినవాడిలా నవ్వాడు. "నువ్వు ఒక్కడివే ఎంతని పోరాడతావయ్యా! మీ కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా నాలుగు దులిపాను. రేపు పొద్దున్నే మీ సూపర్‌వైజర్ వస్తున్నాడు."

మెకానిక్ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సూపర్‌వైజర్ని పనివాళ్ళంతా వెనకాల "టార్చిలైటు" అంటారు. పట్టపగలు కూడా చేతిలో టార్చి లేకుండా ఆయన ఏ మెషిన్ రూములోకీ అడుగుపెట్టడు. ఏ మూల దుమ్మున్నా, ఏ నట్టు మీద కొత్త గీత పడినా, ఎవరు అబద్ధమాడినా ఆ వెలుగులో దొరికిపోతారు. పని చెయ్యకుండా చేశానన్న ఒకణ్ణి పోయినేడాది నిలబెట్టి ఇంటికి పంపించేశాడు. ఇక ఏ లోపమూ లేని లిఫ్టుని ఊరికే ఆపి, బిల్డింగు మొత్తాన్ని భయపెట్టిన మెకానిక్‌ని ఏం చేస్తాడు? ఉద్యోగం పోతే తల్లి మందులెలా, కూతురి చదువెలా? ఇదంతా చెప్పుకోవడానికి కూడా ఇంట్లో వీల్లేదు. అక్కడ అతను వీరుడు.

పొద్దున్నే ముందుగా స్విచ్ వేసేసి, "బాగుచేసేశాను సార్" అందామనుకున్నాడు. కానీ టీచరమ్మ గ్యాస్ బండ కింద ఉండిపోయింది. అది భుజాన వేసుకుని మొదటి మలుపు తిరుగుతున్నాడో లేదో, వెనక నుంచి గోడ మీద తెల్లటి వెలుగు గుండ్రంగా పడింది.

"నువ్వు లిఫ్టులు బాగుచేస్తున్నావా, గ్యాస్ బండలు మోస్తున్నావా?" అన్నాడు టార్చిలైటు.

ఇద్దరూ డాబా ఎక్కేసరికి సూపర్‌వైజర్‌కి ఆయాసం, మెకానిక్‌కి ముచ్చెమటలు. మెషిన్ రూములో టార్చి ఒక్కో తాడునీ పైనుంచి కిందికి తడిమింది. బ్రేకు చూసింది, చక్రం చూసింది, చివరికి స్విచ్‌కి వేసిన తాళం దగ్గర ఆగింది. నేల మీద ఒక్క పనిముట్టు లేదు. ఎక్కడా గ్రీజు మరక లేదు. ఏ బోల్టూ విప్పిన ఆనవాలు లేదు.

"తాళ్ళు కొత్తగా ఉన్నాయి" అన్నాడు సూపర్‌వైజర్ నెమ్మదిగా.

"అవును సార్. బాగానే ఉన్నాయి."

"మరి లిఫ్టు ఎందుకాపావు?"

మెకానిక్ జేబు తడుముకున్నాడు. సూపర్‌వైజర్ చెయ్యి చాచి తాళంచెవి తీసుకున్నాడు, తనే స్విచ్ వేశాడు. "కిందికి పద. అందరి ముందూ చెప్దువుగాని. చెప్పలేకపోతే నీ కంపెనీ కార్డు అక్కడే ఇచ్చేసి వెళ్ళిపో" అన్నాడు. ఆ గొంతు పెద్దది. కింద నాలుగో అంతస్తులో, తండ్రి ఏం సాహసం చేస్తున్నాడో వినాలని తలుపు ఓరగా తీసి పెట్టుకున్న కూతురికి ఆఖరి మాట స్పష్టంగా వినబడింది.

కింద గేటు దగ్గర అప్పటికే సెక్రటరీ, టీచరమ్మ, ఇంకా నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. అందరి చూపులూ తన మీదే. మెకానిక్‌కి ఒక్కసారిగా అబద్ధం మోసే ఓపిక అయిపోయింది. గ్యాస్ బండ దించినంత బరువుగా నిజం దించేశాడు.

"తాళ్ళకి ఏమీ కాలేదు సార్. నేనే ఆపాను. మా అమ్మ ఈ చలికాలం కూర్చుండిపోతే ఇంక లేవదన్నాడు డాక్టరు. నాకు భయమేసింది. లిఫ్టు లేకపోతే నడుస్తుందనుకున్నాను. మా ఇంట్లో అందరూ నడుస్తారనుకున్నాను. వీళ్ళందర్నీ కష్టపెట్టాను. తప్పు నాదే."

 ఇప్పుడు కొడతారు అనుకుని మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. అంతలో పై నుంచి ఒక చప్పుడు మొదలైంది. టక్. కాసేపాగి మళ్ళీ టక్. చేతికర్ర మెట్టు మీద ఆనుతున్న చప్పుడు.

"ఎవడ్రా మావాడి ఉద్యోగం తీసేది? ఆగమను వాణ్ణి! నేనొస్తున్నాను!"

మెకానిక్ కళ్ళు తెరిచాడు. జాలీలోంచి పైకి చూస్తే మూడో అంతస్తు మలుపులో తల్లి కనబడింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కమ్మీ. వెనకాల హెడ్‌ఫోన్ మెళ్ళో వేలాడుతూ భార్య, "అత్తయ్యా, మెల్లగా! అత్తయ్యా!" అంటోంది. ఆ వెనక దుప్పటి ఈడ్చుకుంటూ కూతురు. ఉద్యోగం, సూపర్‌వైజర్, సిగ్గు అన్నీ ఆ క్షణంలో అతని మనసులోంచి ఎగిరిపోయాయి. తడిగా ఉన్న మెట్టు మీద ఆ కర్ర జారితే? పరుగెత్తి పట్టుకుందామని కదిలాడు గానీ, "నువ్వు అక్కడే ఉండు!" అని పై నుంచి కసిరింది. ఊపిరి బిగబట్టి ఒక్కో టక్ వింటూ నిలబడ్డాడు. చివరి మెట్టు దిగేసరికి ఆవిడ మొహం ఎర్రగా ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి, కానీ నిలబడింది.

"నువ్వేనా?" అని కర్రతో సూపర్‌వైజర్ని చూపించింది. "వీళ్ళందరి ప్రాణాలు చేత్తో పట్టుకుని కాపాడాడు మా వాడు. అది నేరమా నీకు?"

"అమ్మా, నేనేమీ కాపాడలేదు. ఇప్పుడే చెప్పాను వీళ్ళకి. తాళ్ళు బాగానే ఉన్నాయి."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. మెకానిక్ తల వంచుకుని తిట్లకు సిద్ధపడ్డాడు. కానీ సెక్రటరీ వేలు తిరిగింది సూపర్‌వైజర్ మీదికి.

"ఇప్పుడర్థమైందండీ నాకు. పైకి తీసుకెళ్ళి, ఉద్యోగం తీసేస్తానని బెదిరించి, ఈ అమాయకుడి చేత తాళ్ళు బాగున్నాయని చెప్పిస్తున్నారన్నమాట. కంపెనీ లోపం కప్పిపుచ్చడానికి తల్లినీ డాక్టర్నీ కూడా కథలోకి లాగుతారా?"

"అవును! కన్నతల్లి కోసం లిఫ్టులాపడం ఎక్కడైనా ఉందా? అబద్ధం చెప్పేటప్పుడైనా అతికినట్టు చెప్పాలి!" అంది టీచరమ్మ.

"నిజమేనండీ! ఒట్టు!" అన్నాడు మెకానిక్.

"చూశారా, పాపం, ఎంత భయపెట్టారో" అన్నారు వెనకనుంచి ఎవరో.

సూపర్‌వైజర్ టార్చి ఆర్పి మళ్ళీ వెలిగించాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వెలుగుకి దొరికిన నిజాన్ని నమ్మనివాళ్ళు ఆయనకి తగల్లేదు. "నేను స్వయంగా చూశాను. తాళ్ళు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి. స్విచ్ కూడా వేశాను. నిక్షేపంలా ఎక్కొచ్చు" అన్నాడు.

"అయితే నువ్వెక్కు" అంది తల్లి.

సెక్రటరీ బటను నొక్కాడు. నడిమధ్య వేలాడుతున్న పెట్టె మూలిగి, మెల్లగా కిందికొచ్చి వాళ్ళ ముందు ఆగింది. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. సూపర్‌వైజర్ గేటు లాగాడు, ఒక కాలు లోపల పెట్టాడు. అప్పుడు చుట్టూ చూశాడు. లిఫ్టు పడుతుందని ఇంతమంది ఇంత గట్టిగా నమ్మి చూస్తుంటే టార్చి వెలుగుకైనా అనుమానం వస్తుంది. ఆ కాలు మళ్ళీ బయటికొచ్చింది.

"నాకు ఇంకో చోట పనుంది" అన్నాడు. తరవాత మెకానిక్ భుజం మీద చెయ్యివేసి, చెవిలో, "కార్డు నీ దగ్గరే ఉంచుకో. మన కంపెనీ లిఫ్టు కూలిందన్న మాట ఊళ్ళోకి పొక్కిందా, మనిద్దరికీ ఉద్యోగాలుండవు. వీళ్ళకి నమ్మకం కుదిరేదాకా నీ డ్యూటీ ఇక్కడే. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఇందులోనే ఎక్కుతూ దిగుతూ ఉండు. ఏమీ కాదని అందరూ కళ్ళారా చూడాలి" అన్నాడు.

మెకానిక్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పటికప్పుడే ఎక్కి గేటు వేసుకుని, "రా అమ్మా, కాళ్ళు వణుకుతున్నాయి నీకు. నేనే తీసుకెళ్తాను పైకి" అన్నాడు.

"చచ్చినా ఎక్కను" అంది తల్లి. "నువ్వు కూడా దిగరా, నీకు దణ్ణం పెడతాను."

"దిగితే ఉద్యోగం పోతుందమ్మా."

ఆవిడ జాలీలోంచి వేళ్ళు దూర్చి కొడుకు చొక్కా పట్టుకుంది, పెట్టె కదులుతుంటే వదిలింది. మరుక్షణం కర్ర ఆనించి మెట్లెక్కసాగింది. రెండో అంతస్తుకి లిఫ్టు ఆవిడకంటే ముందే చేరింది. మెకానిక్ దాన్ని అక్కడ ఆపి, ఆవిడ ఆయాసపడుతూ వచ్చి తన మొహం చూసేదాకా కదిలించలేదు. "ఉన్నావా?" అంది. "ఉన్నానమ్మా" అన్నాడు. "సరే, పద" అని మళ్ళీ మెట్లెక్కింది. పక్కనే భార్య, కూతురు. లిఫ్టులో రమ్మంటే ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

ఆ మర్నాటి నుంచి అదే వరస. మెకానిక్ పెట్టెలో పైకి వెళ్తే తల్లి చూడ్డానికి పైకి వెళ్ళేది, కిందికి వస్తే కిందికి వచ్చేది. కొడుకు పడిపోతాడేమోనన్న భయం ఆవిణ్ణి కుర్చీలో కూర్చోనివ్వలేదు. మొదట్లో మలుపు మలుపుకీ ఆగేది. పోనుపోను ఆగడం మానేసింది. అత్తయ్య ఒక్కతే జారిపడుతుందేమోనని భార్య వెంట దిగేది, ఫోన్ల మధ్య దొరికిన సందులో. ఇద్దరికీ ఏమవుతుందోనని కూతురు వాళ్ళ వెనక. సెక్రటరీ, టీచరమ్మ, బియ్యం బస్తాలవాళ్ళు, కుట్టుమిషనువాళ్ళు అందరూ మెట్లమీదే తిరిగారు. దారిలో జాలీ దగ్గర ఆగి, లోపల నిలబడ్డ మెకానిక్‌ని జాలిగా పలకరించి పోయేవారు. "తాళ్ళు బాగానే ఉన్నాయండీ" అని అతను చెప్పిన ప్రతిసారీ వాళ్ళు ఇంకొంచెం వేగంగా నడిచేవారు.

చలి ముదిరిన రోజుల్లో ఒకసారి, నాలుగో అంతస్తు నుంచి దించిన పెట్టె కింద ఆగేసరికి తల్లి అప్పటికే అక్కడ నిలబడి ఉంది. చేతిలో కర్ర లేదు. ఎక్కడో మరిచిపోయిందట. "ఉన్నావా?" అని అడిగింది ఎప్పట్లాగే, భయంగా. మెకానిక్ ఆ ఖాళీ చేతివైపు చూశాడు. ఉన్నానన్నాడు.

రోజంతా నిలబడి అతని కాళ్ళు పీకుతున్నాయని తెలిసి, కంపెనీవారు దయతలచి లిఫ్టులో ఒక స్టూలు వేయించారు.